చల్లపల్లి కుట్టు, డల్లాస్ కొలత

మా పెద్దమ్మ కూతురు డల్లాస్‌లో ఉంటుంది. కారు అక్కడే కొంది, ఇల్లు అక్కడే కొంది. జాకెట్లు మాత్రం ఇప్పటికీ చల్లపల్లిలోనే కుట్టిస్తుంది. ఇదేదో మా ఇంటి వింత కాదు. మీలో చాలామందికి ఇలాంటి అక్కో, పిన్నో, వదినో ఉండే ఉంటుంది. కొలతలు వాట్సాప్‌లో వస్తాయి, గుడ్డ ఇక్కడే ఉంటుంది, కుట్టిన జాకెట్టు ఎవరి సూట్‌కేసులోనో ఆవకాయ సీసా పక్కన కూర్చుని విమానం ఎక్కుతుంది. ఈ మొత్తం వ్యవహారంలో మధ్యన ఒక మనిషి ఉంటాడు. టైలర్ దగ్గరికి వెళ్ళేది, ఫోన్లు చేసేది, జాకెట్టు తెచ్చి ప్రయాణం వాళ్ళకి అందించేది వాడే. మా ఇంట్లో ఆ మనిషిని నేను. మెకానికల్ మూడో సంవత్సరం. కుట్టు గురించి నాకు తెలిసింది సున్నా.

ఆ సున్నా వల్ల ఒక సీమంతం పాడైంది. పూర్తిగా పాడవలేదు గానీ, అక్క ఫోటోల్లో ఏడుపు ఆపుకుంటున్నట్టు ఉంటుంది. అందుకే ఇది రాస్తున్నాను. మీ ఇంట్లో ఆ మధ్య మనిషి మీరే అయితే ఇందులో కొంత పనికొస్తుంది.

ఏం జరిగిందంటే

సీమంతానికి పెద్దమ్మ ఆకుపచ్చ పట్టుచీర కొంది. జాకెట్టు ముక్క చీరతోనే వస్తుంది కదా, కొంగు చివర్నో మొదట్లోనో. అది ఒక్కటే ముక్క. పాడైతే బజార్లో ఇంకోటి దొరకదు. చేతులకీ మెడకీ మగ్గం వర్క్ చేయించాలని అక్క కోరిక. ఐదో నెలలో ఉండగా టేపుతో తనే కొలుచుకుని నాకు అంకెలు పంపింది. అవి పట్టుకుని మా టైలర్ బాబాయ్ దగ్గరికి వెళ్ళాను. బంధువేం కాదు, ఊళ్ళో అందరికీ ఆయన బాబాయే.

అంకెలు చూసి ఆయన అడిగిన మొదటి మాట, "ఆది ఏదిరా అబ్బాయ్?"

ఆది అంటే తెలియని వాళ్ళ కోసం: ఒంటికి సరిగ్గా సరిపోయే పాత జాకెట్టు. కొత్తది కుట్టడానికి కొలతగా ఇచ్చేది. ఇంటికెళ్ళి అడిగితే అమ్మ బీరువాలోంచి అక్క పెళ్ళినాటి జాకెట్టు తీసి ఇచ్చింది. మూడేళ్ళ నాటిది. "విషయం మాత్రం చెప్పకు" అంది. ఏ విషయం? అక్క కడుపుతో ఉన్న విషయం. దిష్టి తగులుతుందని ఇంట్లోవాళ్ళ భయం. సరే అన్నాను. బాబాయ్ ఎందుకని అడిగితే "ఏదో ఫంక్షన్ అంట" అన్నాను.

జాకెట్టు చక్కగా కుట్టాడు. అక్క స్నేహితురాలు హైదరాబాద్ నుంచి వెళ్తుంటే ఆమెకు అందేలా చూశాను. సీమంతం రెండు రోజులుందనగా అది డల్లాస్ చేరింది. ఆ పూట హడావుడిలో అక్క వేసుకుని చూసుకోలేదు. తీరా ఆ రోజు పొద్దున వేసుకుంటే హుక్స్ పట్టీ రెండంగుళాలు దూరంగా ఆగిపోయింది. వీడియో కాల్‌లో పెద్దమ్మ, "పిన్నీసులు పెట్టుకుని పైట కప్పుకో" అంది. అలాగే చేసింది. ముత్తైదువులు గాజులు తొడుగుతుంటే చేతులు చాపలేకపోయింది. జడలో పువ్వు సర్దుకోడానికి చెయ్యి పైకెత్తలేకపోయింది. మన మెషిన్ డ్రాయింగ్ భాషలో చెప్పాలంటే క్లియరెన్స్ ఫిట్ కావాల్సిన చోట ఇంటర్‌ఫియరెన్స్ ఫిట్ వచ్చింది.

ఆ వారాంతం ఇంటికి వచ్చి నేరుగా బాబాయ్ షాపుకే వెళ్ళాను. నలుగురు కస్టమర్లు కూర్చుని ఉన్నారు. వాళ్ళ ముందే గొంతు పెంచాను. పట్టు ముక్క నాశనం చేశారన్నాను. అంతదూరం పంపేది ఇందుకా అన్నాను. ఆయన మిషన్ ఆపి, ఫోటో చూపించమన్నాడు. ఫోన్ చేతిలోకి తీసుకుని చాలాసేపు చూశాడు. తర్వాత రెండే మాటలు అడిగాడు.

"అమ్మాయికి ఎన్నో నెల?"

నేను మాట్లాడలేదు.

"పక్క కుట్టు విప్పుకోమని నీకు చెప్పానుగా. చెప్పావా?"

చెప్పలేదు. ఆ రోజు బస్సుకి టైమైపోతోంది. ఒక చెవిలో ఇయర్‌ఫోన్ ఉంది. ఆయన కవరు చేతికిస్తూ, "పక్కల మూడేసి కుట్లు వేశాను, బిగుతైతే లోపలిది విప్పుకోమను" అన్నట్టు ఇప్పుడు గుర్తొస్తోంది. అప్పుడు తల ఊపి వచ్చేశాను.

లోపల వదిలిన గుడ్డ

జాకెట్టుని తిరగేసి చంక కింద పక్క కుట్టు చూడండి. మంచి టైలర్ కుట్టినదైతే అక్కడ ఒక కుట్టు కాదు, అర అంగుళం ఎడంలో రెండో మూడో వరుసలు కనిపిస్తాయి. వాటికి అవతల ఇంకొంచెం గుడ్డ, అంచుకి ఓవర్‌లాక్. ఒంటికి దగ్గరగా ఉన్న కుట్టే జాకెట్టు సైజుని నిర్ణయిస్తుంది. దాన్ని విప్పితే పక్కనున్న కుట్టు ఆ పని చేస్తుంది.

లెక్క చిన్నదే. ఒక వరుస విప్పితే ముందు భాగంలో అర అంగుళం, వెనక భాగంలో అర అంగుళం వస్తుంది. అంటే ఒక పక్కకి అంగుళం. రెండు పక్కలా కలిపి 2 అంగుళాలు. అక్కకి తక్కువైంది సరిగ్గా ఆ రెండంగుళాలే. ఆ కుట్టు చంకలోంచి చెయ్యి కిందకి కూడా సాగుతుంది కాబట్టి చేతి బిగువు కూడా వదిలేది. ఒక బ్లేడు, పది నిమిషాల పని. పెద్దమ్మకి ఆ ఆలోచన రాక కాదు. మగ్గం జాకెట్టు, గుడ్డ తక్కువ, లోపల వదిలి ఉండడులే అనుకుందట. అక్కకి కుట్టు సంగతులు తెలియవు. తెలిసిన ఒక్కడు చెప్పాడు. చెప్పించుకున్నవాడు మోసుకెళ్ళలేదు.

మన సబ్జెక్టులో అలవెన్స్ అని చదువుకుంటాం, కావాలని వదిలే తేడా. బాబాయ్ వదిలిన గుడ్డ అదే. మనం చెప్పని విషయాలు ఎప్పుడూ కొన్ని ఉంటాయని ఆయనకి తెలుసు.

కొలత వేరు, ఆది వేరు

తర్వాత ఆయన దగ్గర కూర్చుని అడిగి తెలుసుకున్నవి కొన్ని చెప్తాను.

టేపుతో ఒంటి మీద కొలిచింది ఒంటి కొలత. జాకెట్టుని బల్ల మీద పరిచి కొలిచింది జాకెట్టు కొలత. ఈ రెండూ ఒకటి కావు. మనిషి ఊపిరి పీల్చాలి, వంగాలి, కూర్చోవాలి. అందుకని ఒంటి కొలతకి టైలర్ ఛాతీ దగ్గర ఒకటి, ఒకటిన్నర అంగుళం కలుపుతాడు. మీరు పంపిన 36 ఏ కొలతో ఆయనకి తెలియకపోతే రెండు రకాలుగా తప్పు జరుగుతుంది. ఒంటి కొలతని జాకెట్టు కొలత అనుకుంటే బిగుతవుతుంది. జాకెట్టు కొలతని ఒంటి కొలత అనుకుని మళ్ళీ లూజు కలిపితే సంచిలా అవుతుంది. అక్కడ కొలిచినవాళ్ళు "లూజు కోసం" ముందే రెండంగుళాలు కలిపేసి పంపితే అదో గొడవ. అందుకే ప్రతి అంకె పక్కనా "ఒంటి మీద కొలిచింది, ఏమీ కలపలేదు" అని రాయించండి.

ఇంకో సంగతి, లూజు అన్నిచోట్లా కలపకూడదు. ఛాతీకి కలపొచ్చు, భుజానికి కలపకూడదు. పైగా వెనక మెడ లోతుగా పెట్టించుకునేవాళ్ళకి భుజం కొంచెం తగ్గించి కోస్తారు. వీపు మీద పట్టి ఉంచే గుడ్డ లేనప్పుడు మెడ విచ్చుకుంటుంది, భుజాలు జారిపోతాయి. జాకెట్టు భుజం మీంచి జారుతోందంటే సాధారణంగా ఛాతీ లూజు కాదు కారణం, భుజమో మెడ వెడల్పో.

మెడ లోతు 9 అంటే ఎక్కణ్ణించి 9? టైలర్ భుజం కుట్టు మెడని కలిసే చోటు నుంచి కిందకి కొలుస్తాడు. మనవాళ్ళు అద్దంలో చూసుకుంటూ మెడ వెనక ఎముక దగ్గర్నించి కొలుస్తారు. ఆ ఎముక భుజం కుట్టు కన్నా కిందకి ఉంటుంది కాబట్టి అక్కడే తేడా వచ్చేస్తుంది.

అంకె రాసే తీరులో కూడా ఒక మెలిక ఉంది. టేపులో అంగుళాన్ని ఎనిమిది భాగాలు చేసి చూసే అలవాటు టైలర్లది. మనం 14.5 అని రాస్తే పద్నాలుగున్నర అనుకుంటాం. ఆ అలవాటున్న మనిషి దాన్ని పద్నాలుగూ, ఇంకో ఐదు గీతలూ అని చదువుకోవచ్చు. "పద్నాలుగున్నర" అని అక్షరాల్లో రాస్తే ఈ పేచీ ఉండదు.

ఇన్ని గొడవలున్నాయి కాబట్టే ఆయన ఆది అడిగాడు. ఆది జాకెట్టులో ఒంటి కొలతా, లూజూ, మెడా, భుజం వాలూ అన్నీ కలిసి ఉంటాయి. ఎక్కడ ముడత పడుతోందో, ఏ కుట్టు మీద లాగుడు పడి దారాలు విచ్చుకున్నాయో చూసి మనిషి తీరు పట్టేస్తాడు. కాకపోతే ఒక షరతు. ఆది ఇప్పటి మనిషిది అయుండాలి. మేమిచ్చింది మూడేళ్ళ కిందటి అక్కది.

చంక దగ్గర తిరకాసు

ఇది నాకు అస్సలు నమ్మబుద్ధి కాలేదు. చెయ్యి ఎత్తలేకపోతే చంక కిందకి దించి పెద్దది చేస్తే సరిపోతుంది కదా అన్నాను. బాబాయ్ నవ్వి, పాత చొక్కా ఒకటి ఇచ్చి వేసుకుని చెయ్యి ఎత్తమన్నాడు. చంక బాగా కిందకి ఉన్న చొక్కా అది. చెయ్యెత్తితే చొక్కా మొత్తం నడుము దగ్గర్నించి పైకి లేచింది.

కారణం ఆలోచిస్తే తేలికే. చంక కిందకి దిగేకొద్దీ అక్కణ్ణించి నడుము దాకా ఉండే పక్క కుట్టు పొట్టిదైపోతుంది. చెయ్యెత్తినప్పుడు సాగాల్సిన దారి అదే. చంక ఒంటికి దగ్గరగా, పైకి ఉంటేనే చెయ్యి బాగా లేస్తుంది. బిగుతుంటే చుట్టుకొలత చూడాలి గానీ ఊరికే కిందకి కోసేయకూడదు.

క్రాస్ కటింగ్ అనే మాట కూడా విని ఉంటారు. గుడ్డలో పడుగు దారాల వైపు లాగితే సాగదు, పేక వైపు లాగినా పెద్దగా సాగదు. ఏటవాలుగా, 45 డిగ్రీల్లో లాగితే సాగుతుంది. చతురస్రం కాస్తా వాలిపోయినట్టు దారాల గళ్ళు వాలిపోతాయి. జాకెట్టు ముందు భాగాన్ని ఆ వాలులో కోస్తే ఛాతీ దగ్గర ఒంటికి అమరుతుంది. దానికి గుడ్డ ఎక్కువ పడుతుంది. చీరతో వచ్చిన ముక్క చిన్నదైతే టైలర్ "క్రాస్ రాదమ్మా" అంటాడు. అది బద్ధకం కాదు, గుడ్డ చాలకపోవడం.

మగ్గం వేస్తే వెనక్కి లేదు

మగ్గం వర్క్ కుట్టాక వేస్తారని నేననుకున్నాను. కాదు. టైలర్ ముందు ముక్క మీద మెడ, చేతుల గీతలు గీసి ఇస్తాడు. ఆ ముక్కని చెక్క ఫ్రేముకి బిగించి పూసలు, జరీ కుడతారు. అది తిరిగొచ్చాక కోసి జాకెట్టు కుడతాడు. అంటే మెడ లోతు, చెయ్యి పొడవు గీత గీసిన రోజే ఖాయమైపోతాయి. ఆ తర్వాత "ఇంకో అంగుళం దించు బాబాయ్" అనడానికి లేదు. పక్కలు మాత్రం మార్చుకోవచ్చు, అక్కడ వర్క్ ఉండదు కాబట్టి. అందుకే మగ్గం జాకెట్టుకి కొలతలు ఖాయం చేసుకునే దాకా గీత గీయించొద్దు.

లైనింగ్ సంగతి కూడా అంతే. నూలు లైనింగ్ గుడ్డని కోసే ముందే నీళ్ళలో తడిపి ఆరేయాలి. లేకపోతే మొదటి ఉతుకులో లోపలిది కుంచించుకుని పైగుడ్డని లాక్కుంటుంది, జాకెట్టంతా ముడతలు. పెడన కలంకారీ గుడ్డయితే దాన్ని కూడా తడపాలి. తొందరపెట్టి "రేపటికి కావాలి" అంటే ఎగిరిపోయేది ఈ తడిపే పనే.

బందరు వాళ్ళకి ఇది కొత్త కాదు

పెడన మాట వచ్చింది కాబట్టి ఒక పాత సంగతి. దూరదేశం వాళ్ళ కోరిక మేరకు ఇక్కడ గుడ్డ తయారవడం మన వైపు నాలుగు వందల ఏళ్ళ నాటి పని. 1611లో ఇంగ్లీషు ఓడ మచిలీపట్నం వచ్చింది. డచ్చివాళ్ళు అంతకన్నా ముందే వచ్చారు. మొదట్లో ఇక్కడ ఉన్న అద్దకం గుడ్డల్నే కొనుక్కున్న కంపెనీలు, ఆ శతాబ్దంలోనే ఐరోపా నుంచి నమూనాలు పంపి "ఇలా చేసివ్వండి" అనడం మొదలుపెట్టాయి. ఓడ వెళ్ళి రావడానికి ఏడాదికి పైనే. అడిగినవాళ్ళు కళంకారీ పనివాళ్ళని చూడలేదు. అద్దినవాళ్ళు ఆ నమూనాలోని పువ్వుని ఎన్నడూ చూడలేదు. అందుకే ఆ కాలపు కోరమాండల్ గుడ్డల మీది పువ్వులు అటు ఐరోపావీ కావు, అచ్చంగా ఇక్కడివీ కావు. మధ్యలో ఎక్కడో పూశాయి.

గోడకి వేలాడే గుడ్డయితే అలా పూసినా అందమే. ఒంటి మీద జాకెట్టు అలా కాదు. కానీ అసలు చిక్కు మాత్రం అదే. చేసేవాడి కన్ను ఒకచోట, తొడుక్కునే ఒళ్ళు ఇంకోచోట. షాపులో మనిషి ఎదురుగా నిలబడితే టైలర్ కొలతలు తీసుకుంటూనే వందసార్లు చూస్తాడు. ఒక భుజం కిందకి ఉందా, నడుం వంచి నిలబడుతుందా, బిగువు ఇష్టమా వదులు ఇష్టమా. ఆ చూపు డల్లాస్ చేరదు. దాన్ని మనం మోసుకెళ్ళాలి.

ఇప్పుడు మేం చేసే పద్ధతి

మొదటిది, ఆది అక్కణ్ణించి ఇక్కడికి రావాలి. ఇప్పుడు బాగా సరిపోతున్న జాకెట్టు ఒకటి, ఎవరైనా ఇండియా వస్తుంటే పంపించాలి. అది టైలర్ దగ్గరే ఉండిపోతుంది, మళ్ళీ అడగొద్దు.

రెండోది, ఆ జాకెట్టు వేసుకుని తీసిన మూడు ఫోటోలు. ముందు నుంచి, వెనక నుంచి, పక్క నుంచి. చేతులు కిందకి వదిలి, మామూలుగా నిలబడి. పింటరెస్ట్ బొమ్మ కూడా పంపొచ్చు గానీ, అది వేరే మనిషి మీద వేరే గుడ్డ. అందులో మీకు నచ్చింది మెడా, చెయ్యా, రంగా అన్నది మాటల్లో చెప్పాలి.

మూడోది, ఎందుకు కుట్టిస్తున్నారో చెప్పాలి. ఏ రోజు వేసుకుంటారు, కూర్చుని ఉంటారా, నాట్యం చేస్తారా, ఒళ్ళు పెరిగే అవకాశం ఉందా. దిష్టి భయం ఉంటే ఇంట్లోవాళ్ళని అడిగి "రెండు నెలల్లో రెండంగుళాలు పెరగొచ్చు" అని మాత్రమైనా చెప్పండి. కారణం ఆయనే గ్రహిస్తాడు, ఊరంతా చెప్పడు.

నాలుగోది, కత్తెర పడే ముందు ఒక వీడియో కాల్. బాబాయ్ షాపు కాస్త ఖాళీ అయ్యేసరికి రాత్రి ఎనిమిదిన్నర. ఎండాకాలంలో డల్లాస్‌లో అప్పుడు పొద్దున పది, చలికాలంలో తొమ్మిది. ఐదు నిమిషాలు చాలు.

ఐదోది, గడువు. వేసుకునే రోజుకి కనీసం రెండు వారాల ముందు అక్కడికి చేరాలి. చేరిన రోజే వేసుకుని చూడాలి.

ఆరోది నాలాంటి వాళ్ళకి. టైలర్ చెప్పిన ప్రతి మాటా అక్కడే ఫోన్‌లో రికార్డు చేసి పంపండి. "విప్పాల్సిన కుట్టు ఇది" అని ఆయన వేలు పెట్టి చూపిస్తుంటే వీడియో తీయండి.

డబ్బు సంగతి ఒక్క మాట. అంతకుముందు లైనింగ్ జాకెట్టుకి ఆయన 400 రూపాయలంటే నేను 350కి బేరమాడి గొప్పగా ఫీలయ్యాను. ఇన్ని సందేహాల మధ్య, చూడని మనిషికి కుడుతున్నందుకు మామూలు కన్నా ఎక్కువ ఇవ్వాలి. ఇప్పుడు బేరమాడటం మానేశాను.

ఆ తర్వాత

షాపులోంచి ఆ రోజు ఏమీ అనకుండా వచ్చేశాను. రెండు రోజులు ఎవరికీ చెప్పలేదు. ఇంట్లో అందరూ టైలర్‌నే తిడుతున్నారు, నేను వింటూ కూర్చున్నాను. మూడో రోజు అక్కకి ఫోన్ చేసి చెప్పేశాను. కాసేపు మాట్లాడలేదు. తర్వాత, "ఒకసారి ఆయనకి సారీ చెప్పు" అంది. తనకి చెప్పమనలేదు.

మళ్ళీ శనివారం వెళ్ళాను. ఆ రోజు కూడా మనుషులున్నారు. అరిచింది వాళ్ళ ముందే కాబట్టి వాళ్ళ ముందే చెప్పాలనిపించింది. "తప్పు నాది బాబాయ్, మీరు చెప్పింది నేను చెప్పలేదు" అన్నాను. ఆయన దారం ఎక్కించుకుంటూ తల ఎత్తకుండానే, "సర్లే, ఇంతకీ ఆ కుట్టు విప్పారా లేదా? పట్టు గుడ్డ, అలా లాగి పెడితే చిరుగుద్ది" అన్నాడు.

విప్పారు. వీడియో కాల్‌లో ఆయనే చూపించాడు, అక్క పక్కింటావిడ బ్లేడుతో విప్పింది. హుక్స్ పడ్డాయి. ఆ జాకెట్టు బారసాలకి వేసుకుంది.

బాబాయ్ కొలతల పుస్తకంలో ఇప్పుడు అక్క పేరు మీద ఒక పేజీ ఉంది. పైన "డల్లాస్" అని రాసి ఉంటుంది. కింద అంకెలు, వాటి పక్కన తేదీ. పేజీ అడుగున నా ఫోన్ నంబరు, దాని పక్కన ఆయన చేత్తో రాసుకున్న మాట: "రెండుసార్లు చెప్పాలి."